ఈవ్ ఆన్‌లైన్: నల్‌సెక్, వార్మ్‌హోల్స్‌లోకి ఎక్స్‌ప్లోరేషన్‌కి వెళ్లి షిప్పుతో తిరిగి రావడం ఎలా?

తూర్పుగాలి

అందరికీ నమస్కారం. నేను ఈవ్ ఆన్‌లైన్ (అంతరిక్ష నౌకల గేమ్) మొదలుపెట్టి కొద్ది నెలలే అయింది, ఇంకా ఆల్ఫా, అంటే ఉచిత అకౌంటే. హైసెక్‌లో, అంటే భద్రత ఎక్కువుండే సిస్టమ్స్‌లో, డేటా సైట్లు, రెలిక్ సైట్లు (సరుకు దాచిన చోట్లు) వెతికి హ్యాక్ చేయడం బాగానే వచ్చింది. కానీ అక్కడ దొరికేది చాలా తక్కువ. అసలు సరుకంతా కాపాడేవాళ్లెవరూ లేని నల్‌సెక్‌లోనూ, వార్మ్‌హోల్స్ అనే దారుల అవతలి సిస్టమ్స్‌లోనూ ఉందంటారు. వెళ్లాలని ఉంది, వెళ్లాలంటే టెన్షన్‌గానూ ఉంది.

వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. మీలో చాలామంది అక్కడ తిరిగినవాళ్లే కాబట్టి మీరేం చేస్తారో చెప్పండి. ఉన్న చవక షిప్పు హెరాన్‌తో వెళ్లొచ్చా, ఖరీదైన ఆస్టెరో కొనేదాకా ఆగాలా? ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి దాటే గేటు దగ్గర బబుల్ (లోపలున్న షిప్పుని వార్ప్ అవ్వనీయని, అంటే వేగంగా దూరానికి పోనీయని వలయం) వేసి కాపు కాస్తుంటే ఏం చేయాలి? వార్మ్‌హోల్‌లో లోకల్ (సిస్టమ్‌లో ఉన్నవాళ్ల పేర్ల లిస్టు) కనిపించదట కదా, మరి ఎవరైనా వచ్చారని తెలిసేదెలా?

రాత్రిబండి

హెరాన్‌తోనే వెళ్లండి, ఆస్టెరో కోసం ఆగొద్దు. ఆస్టెరో మంచి షిప్పే, ఒమేగా (డబ్బు కట్టే) అకౌంట్ ఉంటే క్లోక్‌లో, అంటే కనిపించకుండా, ఉండగానే వార్ప్ అవ్వగలదు, హ్యాకింగ్ కూడా తేలికవుతుంది. కానీ కొత్తవాళ్లు ఉన్న ఇస్క్ (ఆటలోని డబ్బు) అంతా దాని మీద పెట్టి, చెయ్యి వణుకుతూ నడుపుతారు. ఆ భయంలో తీసుకునే నిర్ణయాలు బాగుండవు. హెరాన్ ఖరీదు దాని ముందు చాలా చిన్నది. పోతే అదే రోజు ఇంకోటి ఎక్కి వెళ్లగలగాలి. మాగ్నేట్, ఇమికస్, ప్రోబ్ అనే షిప్పులు, ఈ మూడూ అదే తరగతివి. మీ స్కిల్ ఏ జాతి ఫ్రిగేట్‌లో ఉంటే అది తీసుకోండి. బజర్డ్, హీలియోస్ లాంటి కోవర్ట్ ఆప్స్ షిప్పులు టీ2 (పై స్థాయివి) కాబట్టి ఆల్ఫాకి రావు, వాటి గురించి ఇప్పుడు ఆలోచించొద్దు.

షిప్పు కన్నా ముందు చూసుకోవాల్సింది మీ పాడ్‌లో, అంటే షిప్పు లోపల మీరుండే గుళికలో, ఏముందన్నది. చనిపోతే స్కిల్ పాయింట్లు పోవు, ఆ పద్ధతి 2014 చివర్లోనే తీసేశారు. కానీ తలలో పెట్టుకున్న ఇంప్లాంట్లు (సామర్థ్యం పెంచే పరికరాలు) పోతాయి. చాలామంది చవక షిప్పులో ఖరీదైన తల పెట్టుకుని తిరుగుతారు. ఖరీదైన ఇంప్లాంట్లు పెట్టుకుని అటు వెళ్లొద్దు.

ఫిటింగ్ విషయంలో ఒక్కటే పట్టుదల పెట్టుకోండి: వీలైనంత త్వరగా అలైన్ అవ్వాలి, అంటే తిరిగి వార్ప్‌కి సిద్ధం కావాలి. ట్యాంక్ (దెబ్బలు తట్టుకునే శక్తి) గురించి ఆలోచించొద్దు, పట్టుకున్నాక హెరాన్ ఎలాగూ నిలబడదు. లో స్లాట్లలో నానోఫైబర్ లేదా ఇనర్షియల్ స్టెబిలైజర్, మిడ్‌లో మైక్రోవార్ప్‌డ్రైవ్ (వేగం పెంచేది), రెండు ఎనలైజర్లు (హ్యాకింగ్‌కి), కార్గో స్కానర్. కార్గో స్కానర్ వదలొద్దు. ఏ క్యాన్‌లో (సరుకు పెట్టెలో) ఏముందో ముందే చూస్తే పనికిరానివి హ్యాక్ చేయక్కర్లేదు, సైట్‌లో ఉండే సమయం సగానికి తగ్గుతుంది. ప్రోబ్ లాంచర్‌లో సైట్లు వెతికే 8 ప్రోబ్‌లు, కార్గోలో ఇంకో 8.

గోదారిపాయ

నల్‌సెక్ గురించి నేను చెబుతాను, నా తిరుగుడంతా అక్కడే.

ముందు తేడా అర్థం చేసుకోండి. 1.0 నుంచి 0.5 దాకా హైసెక్. అక్కడ మీ మీద ఎవరైనా కాల్చితే కాంకార్డ్ (ఆటలోని పోలీసు) వచ్చి వాడి షిప్పు పేలుస్తుంది. అది మిమ్మల్ని కాపాడటానికి కాదు, వాడిని శిక్షించడానికి. 0.4 నుంచి 0.1 దాకా లోసెక్, గేటు తుపాకులు తప్ప దిక్కు లేదు. 0.0 దగ్గర అవి కూడా లేవు. పైగా అక్కడి జాగా చాలావరకు ఏదో ఒక అలయెన్స్ (ఆటగాళ్ల కూటమి) చేతిలో ఉంటుంది. తమవాడు కాకపోతే కాల్చెయ్ అన్నది దాదాపు అందరి పద్ధతి. మీరు మంచివారా, కొత్తవారా అని ఎవరూ అడగరు. మీరు లోపల అడుగు పెట్టగానే వాళ్లు కబుర్లు పంచుకునే ఇంటెల్ ఛానెల్‌లో మీ పేరు పడిపోతుంది.

కానీ అదే పని మీరూ చేయగలరు, ఎందుకంటే నల్‌సెక్‌లో లోకల్ లిస్టు వెంటనే అప్‌డేట్ అవుతుంది. సిస్టమ్‌లో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ అందులో ఉంటుంది. 2019 జూలైలో ఈ గేమ్ తయారుచేసిన సీసీపీ వాళ్లు నల్‌సెక్‌లో లోకల్ తీసేసి చూశారు, బ్లాకౌట్ అన్నారు దాన్ని. సెప్టెంబరులో తిరిగి పెట్టేశారు. ఆ రోజుల్లో తిరిగినవాళ్లకి లోకల్ విలువ బాగా తెలుసు.

నా పద్ధతి ఇది. లోకల్ విండోని పొడుగ్గా లాగి, చాట్ భాగం మూసేసి, పేర్లు మాత్రమే కనిపించేలా పెట్టండి. ఖాళీ సిస్టమ్‌లో మాత్రమే హ్యాక్ చేయండి. కొత్త పేరు వచ్చిందా, వార్ప్ అయిపోండి. ఎవరో చూద్దాం, పేరు మీద క్లిక్ చేసి కిల్‌బోర్డ్ (ఎవరు ఎవరిని పేల్చారో చూపే చిట్టా) తీద్దాం, ఈ క్యాన్ అయిపోతే పోదాం, ఇవేవీ వద్దు. ముందు సేఫ్ స్పాట్‌కి వెళ్లండి, అక్కడ కూర్చుని తీరిగ్గా జీకిల్‌బోర్డ్‌లో అతని చరిత్ర చదవండి. దారిన పోయేవాడైతే రెండు నిమిషాల్లో లోకల్ నుంచి వెళ్లిపోతాడు. మీరు తిరిగి వెళ్లొచ్చు, క్యాన్‌లు ఎక్కడికీ పోవు.

సేఫ్ స్పాట్ అంటే గ్రహం కాదు. ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి వార్ప్ అవుతూ మధ్యలో బుక్‌మార్క్ కొట్టండి. తర్వాత ఆ బుక్‌మార్క్ నుంచి ఇంకో మూలకి వార్ప్ అవుతూ మరోటి కొట్టండి. ఈ రెండోది ఏ రెండు గ్రహాల మధ్య గీత మీదా ఉండదు. హ్యాకింగ్ మొదలుపెట్టే ముందే ఇది చేసుకోవాలి. మనిషి వచ్చాక చేసుకునే పని కాదు.

ఏ సిస్టమ్‌కి వెళ్లాలో కూడా చూసి వెళ్లండి. గేమ్ మ్యాప్‌లోనే గత గంటలో ఎన్ని షిప్పులు పేలాయో రంగు వేసి చూపిస్తుంది. డాట్‌ల్యాన్ అనే వెబ్‌సైట్‌లో ఇంకా స్పష్టంగా ఉంటుంది. పాడ్‌లు కూడా పేలుతున్న సిస్టమ్ అంటే అక్కడ గేటు మీద బబుల్ ఉందని నేను అనుకుంటాను.

తూర్పుగాలి

రాత్రిబండి గారూ, గోదారిపాయ గారూ, చాలా థాంక్స్. ఇంప్లాంట్ల సంగతి నాకు తట్టనే లేదు.

బబుల్ దగ్గరే నాకు భయం. గేటు దాటి అవతల తేలేసరికి చుట్టూ బబుల్ ఉంటే అప్పుడు ఏం చేయాలి? అసలు దాటకముందే తెలుసుకునే దారి ఉందా?

ఐదోగ్రహం

ఉంది, సగం వరకు. మీరు వెళ్లబోయే గేటు దగ్గర ఏముందో ఇటు నుంచి చూడొచ్చు. దాటాక అవతల ఏముందన్నది మాత్రం మ్యాప్ లెక్కలు చూసి ఊహించాల్సిందే, లేదంటే ముందు ఒక ఫ్రెండ్‌ని పంపాలి.

లోసెక్‌లో బబుల్ ఉండదు. నల్‌సెక్, వార్మ్‌హోల్స్‌లో మాత్రమే. ఇంటర్‌డిక్టర్ షిప్పు, ఎక్కువగా సేబర్, విసిరేది ఒకటి. దాని వ్యాసార్థం 20 కిలోమీటర్లు. లంగరు వేసి వదిలేసే మొబైల్ వార్ప్ డిస్రప్టర్ ఇంకోటి. చాలామంది పట్టుబడేది ఈ రెండో దానివల్లే. మీరు గేటుకి వార్ప్ అవుతున్న గీత మీద, గేటుకి 500 కిలోమీటర్ల లోపు ఎక్కడైనా ఇది ఉంటే మీరు గేటు దగ్గర దిగరు, బబుల్ దగ్గర దిగుతారు. అది గేటు దాటి వెనకాల ఉన్నా లాగేస్తుంది. కాపు కాసేవాళ్లకి ఈ సంగతి తెలుసు కాబట్టి, గేటు నుంచి గేటుకి ఉండే గీత మీదే దాన్ని పెడతారు.

కాబట్టి నల్‌సెక్‌లో గేటు నుంచి గేటుకి నేరుగా వార్ప్ అవ్వకండి. ఆ గీతకి పక్కగా ఉన్న గ్రహం ఏదైనా, గేటుకి 14.3 ఏయూ లోపు ఉన్నది, చూసుకుని ముందు దానికి వెళ్లండి. డీ-స్కాన్ (చుట్టుపక్కల షిప్పులని, వస్తువులని చూపించేది) అందేది అంతవరకే, అంటే దాదాపు 214 కోట్ల కిలోమీటర్లు. అక్కడ దిగాక డీ-స్కాన్ కోణాన్ని 5 డిగ్రీలకి తగ్గించి, కెమెరాని గేటు వైపు తిప్పి స్కాన్ కొట్టండి. ఆ సన్నని కోణంలో గేటుతో పాటు మొబైల్ వార్ప్ డిస్రప్టర్ కనిపించిందంటే అది గేటు దగ్గరే ఉంది. సేబర్, దాని పక్కన రెండు మూడు వేగంగా లాక్ చేసే షిప్పులు కనిపిస్తే మనుషులు కూడా ఉన్నారు. వేరే దారి వెతుక్కోండి. బబుల్ మాత్రమే ఉండి మనుషులు లేకపోతే, ఈ గ్రహం నుంచి గేటుకి వార్ప్ అవ్వండి. మీ గీత మారిపోయింది కాబట్టి ఆ బబుల్ మిమ్మల్ని లాగదు. గేటు చుట్టూనే బబుల్ ఉంటే మాత్రం గీత మార్చినా లాభం లేదు.

ఇప్పుడు దాటేశారు, అవతల చుట్టూ బబుల్ ఉంది అనుకుందాం. చెయ్యి మౌస్ మీద నుంచి తీసెయ్యండి. మీరు గేటు క్లోక్‌లో ఉన్నారు, మీరు కదలనంతవరకు 60 సెకన్లు ఎవరికీ కనిపించరు. ఆ 60 సెకన్లు ఆలోచించడానికే. గేటు ఎంత దూరం, సాధారణంగా పన్నెండు పదమూడు కిలోమీటర్లు. షిప్పులు ఏ వైపు ఉన్నాయి, ఏ వైపు ఖాళీ, బబుల్ అంచు ఎక్కడ. హెరాన్‌కి మంచి దారి సాధారణంగా వెనక్కి గేటుకే. మైక్రోవార్ప్‌డ్రైవ్ వేసి గేటు వైపు దూసుకెళ్లి దాటేయండి. మీ మీద కాల్చినవాడు 60 సెకన్ల పాటు గేటు దాటలేడు. మీరు ఎవరినీ కాల్చలేదు కాబట్టి మీకు ఆ అడ్డు లేదు. కొత్తవాళ్లు చాలామంది బబుల్ బయటికి పరిగెత్తాలని చూసి మధ్యలో దొరికిపోతారు.

క్లోక్ ఉన్నవాళ్లకి వేరే లెక్క. ఖాళీగా ఉన్న వైపు తిరిగి, మైక్రోవార్ప్‌డ్రైవ్ ఒక్కసారి వేసి వెంటనే క్లోక్. ఆ ఊపుతో కనిపించకుండా జారిపోతారు. తర్వాత దిశ మార్చాలి, ఎందుకంటే మీరు మాయమైన చోటికే వాళ్లు దూసుకొస్తారు. దేనికైనా 2000 మీటర్ల లోపుకి వెళ్తే క్లోక్ ఊడిపోతుంది.

వేటకత్తి

ఇంతవరకు అందరూ తప్పించుకునే వైపు నుంచి చెప్పారు. నేను అవతలి వైపు మనిషిని. వార్మ్‌హోల్స్‌లో ఎక్స్‌ప్లోరర్లని పట్టుకోవడమే నా ఆట. ఈ ఆటలో అది తప్పు కాదు, మోసమూ కాదు, కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. మీలాంటి వాళ్లు బతికి బాగా ఆడితేనే నా వేటకి కూడా విలువ.

మీరు సిస్టమ్‌లోకి రాకముందే నేను అక్కడ ఉంటాను. అక్కడి రెలిక్ సైట్లు, డేటా సైట్లు అన్నీ స్కాన్ చేసి బుక్‌మార్క్ పెట్టుకుని ప్రోబ్‌లు వెనక్కి తీసేసుకుంటాను. తర్వాత క్లోక్‌లోనే వార్ప్ అయి, మంచి సరుకున్న క్యాన్ దగ్గర కూర్చుంటాను. మీరు వచ్చి సైట్ల కోసం కోర్ ప్రోబ్‌లు వేస్తారు. అవి నా డీ-స్కాన్‌లో కనిపిస్తాయి. మనిషి వచ్చాడని నాకు అందే మొదటి కబురు అదే. మీ డీ-స్కాన్‌లో మాత్రం ఏమీ ఉండదు, ఎందుకంటే క్లోక్‌లో ఉన్న షిప్పుని అది చూపించదు. కాంబాట్ ప్రోబ్‌లు (షిప్పులని వెతికేవి) వేస్తే పారిపోవాలని మీరు నేర్చుకుని ఉంటారు. కానీ మీరు ఎక్కడికి రాబోతున్నారో నాకు ముందే తెలుసు, నాకు వాటితో పని లేదు.

మీరు వస్తారు, క్యాన్‌కి దగ్గరగా వచ్చి షిప్పు ఆపేస్తారు, హ్యాకింగ్ విండో తెరుస్తారు. మీ కళ్లు ఇప్పుడు ఆ విండోలో ఉంటాయి. నేను చూసేది ఆ క్షణం కోసమే. నేను వాడేది స్టెల్త్ బాంబర్, క్లోక్ తీశాక లాక్ చేయడానికి దానికి ఆగాల్సిన పని లేదు. మీరు విండో నుంచి తల ఎత్తేసరికి స్క్రాంబ్లర్ (వార్ప్ అవ్వనీయని పరికరం) పడిపోయి ఉంటుంది.

నాకు దొరకనివాళ్లు ఏం చేస్తారో చెబుతాను. వాళ్లు క్యాన్ దగ్గర ఎప్పుడూ ఆగరు, చుట్టూ తిరుగుతూ హ్యాక్ చేస్తారు. కదిలే షిప్పు దగ్గరికి క్లోక్‌లో చేరడం కష్టం, దగ్గరగా వస్తే నా క్లోక్ ఊడిపోతుంది. ఓవర్‌వ్యూలో (చుట్టూ ఉన్నవాటి లిస్టులో) ఒక గ్రహాన్ని ముందే ఎంచి పెట్టుకుంటారు, నేను బయటపడగానే ఒక్క నొక్కుతో వార్ప్ కొడతారు, ఎక్కడికి వెళ్లాలా అని వెతకరు. వచ్చిన హోల్ వైపు పారిపోరు, ఎందుకంటే అక్కడ మావాడు ఉండొచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, స్కాన్ అయిపోగానే సైట్‌లోకి దూకరు. ప్రోబ్‌లు తీసేసి చాలాసేపు కనిపించకుండా ఉంటారు, లేదా వేరే సిస్టమ్‌కి వెళ్లి తర్వాత వస్తారు. నాకు ఓపిక తక్కువ. వేటగాళ్లలో చాలామందికి అంతే.

రాత్రిబండి

వేటకత్తి గారూ, మంచి మాటలు చెప్పారు. కానీ ఇది చదివి కొత్తవాళ్లు డీ-స్కాన్ దండగ అనుకుంటారేమోనని నా బాధ. నేను కొట్టే ప్రతి హ్యాక్ మధ్యలో వీ (డీ-స్కాన్ మీట) నొక్కుతూనే ఉంటాను. అదే నన్ను కాపాడుతోంది.

వేటకత్తి

దండగ అని నేను అనలేదు. ముందే వచ్చి కూర్చున్నవాడిని అది పట్టదు, కొత్తగా వచ్చేవాడిని పడుతుంది. వార్మ్‌హోల్ దాటి వచ్చినవాడు క్లోక్ వేసుకునే ముందు ఒక్క క్షణం కనిపిస్తాడు, ఆ క్షణంలో మీరు స్కాన్ కొడితే దొరుకుతాడు. కాంబాట్ ప్రోబ్‌లతో వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ప్రోబ్‌లని మీ పరిధి బయట అమర్చుకుని, ఒక్క స్కాన్ కోసం దగ్గరికి తెచ్చి తీసేస్తారు. అవి కనిపించేది కొన్ని సెకన్లే. నిమిషానికి ఒకసారి కొడితే లాభం లేదు, కొడుతూనే ఉండాలి.

నేను చెప్పేదల్లా, లిస్టు ఖాళీగా ఉందంటే సిస్టమ్ ఖాళీగా ఉన్నట్టు కాదు. ఏదైనా కనిపిస్తే పోదాం అనుకునేవాడు నా చేతిలో పడతాడు. ఏదీ కనిపించకపోయినా పోవడానికి సిద్ధంగా ఉన్నవాడు పడడు.

పచ్చజొన్న

హ్యాకింగ్ విండో గురించి ఒక మాట. దాన్ని స్క్రీన్ మధ్యలో వదిలేయకుండా ఒక మూలకి జరిపి, డీ-స్కాన్ విండో, లోకల్ రెండూ దాని పక్కనే పెట్టుకోండి. కళ్లు పెద్దగా తిప్పక్కర్లేదు. అలాగే హ్యాక్ సగంలో ఉందని ఆగకండి. అదే నాకు చాలామందిలో కనిపించే జబ్బు. సిస్టమ్ కోర్ (హ్యాకింగ్‌లో పట్టాల్సిన గురి) కనబడింది, ఇంకో రెండు నొక్కులే అని ఉండిపోతారు. రెండుసార్లు ఫెయిలైతే క్యాన్ పేలిపోతుంది, పేలనీయండి.

మబ్బులగుట్ట

తమ్ముడూ, వార్మ్‌హోల్ ప్రశ్నకి ఇంకా ఎవరూ పూర్తిగా జవాబివ్వలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను ఏళ్లుగా ఉండేది వార్మ్‌హోల్‌లోనే, ఇల్లు అక్కడే.

2009 మార్చిలో అపోక్రిఫా అనే అప్‌డేట్‌తో ఇవి వచ్చాయి. జే అనే అక్షరం, ఆరు అంకెలు, అదే సిస్టమ్ పేరు. గేట్లు ఉండవు, థెరా ఒక్కటి మినహా స్టేషన్లు ఉండవు. లోకల్‌లో మాట్లాడినవాళ్లే కనిపిస్తారు, కాబట్టి మీరు కూడా మర్యాదకి హలో అని పెట్టొద్దు.

లోపలికి దూకగానే, కదలకముందే, మీరు వచ్చిన హోల్‌కి బుక్‌మార్క్ కొట్టండి. దూకే ముందు అవతలి వైపు కూడా కొట్టి ఉండాలి. రెండు వైపులా. ఎవరైనా తరుముతున్నప్పుడు స్కాన్ చేసి దారి వెతుక్కునే సమయం ఉండదు. సరుకు దొరికిన ఆనందంలో హోల్ ఎక్కడో మరిచిపోయి పాడ్ పోగొట్టుకున్నవాళ్లని మా సిస్టమ్‌లోనే చాలామందిని చూశాను.

తర్వాత హోల్ మీద షో ఇన్ఫో కొట్టి చదవండి. అదేదో కథ అనుకుని వదిలేస్తారు చాలామంది. ఆయుష్షు గురించి ఒక వాక్యం, బరువు గురించి ఒక వాక్యం ఉంటాయి. చాలా హోల్స్ ఆయుష్షు 16 లేదా 24 గంటలు. సహజ ఆయుష్షు చివరికి వచ్చిందని రాసి ఉంటే లోపలికి వెళ్లొద్దు. బరువు క్రిటికల్ అంటే పదో వంతు కూడా మిగల్లేదని. మీ ఫ్రిగేట్ బరువుకి అది మూసుకుపోకపోయినా, మీ వెనక వచ్చే పెద్ద షిప్పుకి మూసుకుపోతుంది. అక్కడ ఉండేవాళ్లు కావాలనే బరువైన బ్యాటిల్‌షిప్పులు అటూ ఇటూ తిప్పి హోల్స్ మూసేస్తారు, మేమూ మూస్తాం. కాబట్టి మీ దారి పోతుందన్న లెక్కతోనే తిరగాలి. ప్రోబ్ లాంచర్ ఉంటే ఇంకో దారి ఎప్పుడూ దొరుకుతుంది.

ఒకే హోల్‌లోంచి వెళ్లి వెంటనే తిరిగొస్తే పోలరైజ్ అవుతారు. మూడోసారి దూకాలంటే 5 నిమిషాల దాకా ఆగాల్సి రావచ్చు. వేటగాళ్లు మిమ్మల్ని కావాలనే అలా తిప్పి, అటు పోలేక ఇటు ఉండలేక ఉన్నప్పుడు పట్టుకుంటారు.

సైట్ పేర్లు చదవడం నేర్చుకోండి, దీనికి స్కిల్ పాయింట్లు అక్కర్లేదు. పేరులో సాన్షా, గురిస్టాస్, ఏంజెల్, బ్లడ్ రైడర్, సర్పెంటిస్ అని దొంగల ముఠాల పేర్లు ఉన్న మామూలు రెలిక్, డేటా సైట్లలో కాపలా ఉండదు, సీ1 నుంచి సీ3 దాకా తరగతుల వార్మ్‌హోల్ సిస్టమ్స్‌లో ఇవి దొరుకుతాయి. పేరు అన్‌సెక్యూర్డ్ అనో, ఫర్‌గాటెన్ అనో మొదలైతే అది స్లీపర్ల (ప్రమాదకరమైన యంత్ర కాపలాదారుల) సైట్. దిగిన క్షణంలో మీ హెరాన్ ఉండదు. కోవర్ట్ రీసెర్చ్ ఫెసిలిటీ అని ఉంటే అది ఘోస్ట్ సైట్. టైమర్ నడుస్తుంటుంది, హ్యాక్ తప్పితే పేలుడు మీ మీదికే వస్తుంది. వీటి మీద ఇప్పట్లో చెయ్యి వేయొద్దు.

సిస్టమ్‌లోకి రాగానే డీ-స్కాన్‌లో ఆస్ట్రాహస్, ఫోర్టిజార్ లాంటి స్ట్రక్చర్లు ఉన్నాయా చూడండి. ఉంటే అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారు. మీరు మొదటివారుగా ఆ హోల్ దాటితే మా వైపు కే162 అనే కొత్త సిగ్నేచర్ (స్కాన్‌లో కనిపించే గుర్తు) తేలుతుంది, మేం వెంటనే గమనిస్తాం. స్ట్రక్చర్ లేని సిస్టమ్ దొరికేదాకా ముందుకు పోవడం మంచిది.

ఒకవేళ లోపలే చిక్కుకుపోయి లాంచర్ కూడా లేకపోతే, సిగ్నల్ కార్టెల్ కార్పొరేషన్ వాళ్ల ఈవ్-స్కౌట్ రెస్క్యూ ఉంది. చాలా వార్మ్‌హోల్ సిస్టమ్స్‌లో ప్రోబ్‌లు, లాంచర్ పెట్టిన పెట్టెలు దాచి ఉంచుతారు, అడిగితే దారి చూపిస్తారు. ఎవరినీ కాల్చకూడదన్నది వాళ్ల నియమం. థెరాకి ఏ ఏ సిస్టమ్స్ నుంచి దారులున్నాయో కూడా ఈవ్-స్కౌట్ వాళ్లే అందరికీ ఉచితంగా చెబుతారు. ఈ ఆటలో ఇంత క్రూరత్వం మధ్య ఇలాంటివాళ్లు ఉన్నారంటే నాకు నిజంగా గౌరవం.

తూర్పుగాలి

అక్కా, ఈ పోస్ట్ సేవ్ చేసి పెట్టుకున్నాను. షో ఇన్ఫో చదవాలని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకో సందేహం. మాది విశాఖ. వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మధ్యలో నెట్ పోతే షిప్పు అక్కడే ఉండిపోతుందా?

గోదారిపాయ

ఉండిపోదు. డిస్కనెక్ట్ అయితే షిప్పు తనంతట తానే దూరంగా ఎక్కడికో ఎమర్జెన్సీ వార్ప్ అవుతుంది. మీ మీద పోరాటం టైమర్ ఏమీ లేకపోతే సుమారు ఒక నిమిషంలో మాయమవుతుంది. మీరు అప్పటికే స్క్రాంబ్లర్‌లోనో బబుల్‌లోనో ఉంటే వార్ప్ అవ్వదు. మీరు ఇంకొకరి మీద కాల్చి ఉన్నా, మీ మీద ఎవరైనా కాల్చి ఉన్నా 15 నిమిషాలు అక్కడే ఉంటుంది. అప్పటికి మిమ్మల్ని ఎవరూ పట్టుకుని ఉండకపోతే మామూలుగా ఇబ్బంది లేదు. రూటర్‌ని ఇన్వర్టర్ లైన్ మీద పెట్టుకోండి, ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కదా. మానేసేటప్పుడు మాత్రం విండో మూసేయకుండా సేఫ్ స్పాట్‌లో లాగాఫ్ సేఫ్‌లీ నొక్కి, కౌంట్‌డౌన్ పూర్తయ్యేదాకా చూడండి.

టైం గురించి కూడా చెబుతాను, ఇది మన దేశంలో ఆడేవాళ్లకి కలిసొచ్చే విషయం. రోజువారీ డౌన్‌టైమ్ 11:00 యూటీసీ, అంటే మనకి సాయంత్రం 4:30. సర్వర్ మళ్లీ లేచాక కాసేపు జనం చాలా తక్కువ. యూరప్ వాళ్లు ఎక్కువగా వచ్చేది మన రాత్రి పదకొండున్నర దాటాక. కాబట్టి సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఆడగలిగితే చాలా సిస్టమ్స్ ఖాళీగా ఉంటాయి. అదే సిస్టమ్ అర్ధరాత్రి చూస్తే లోకల్ నిండిపోయి ఉంటుంది.

ఐదోగ్రహం

గేట్ల గోలే వద్దనుకుంటే నీడిల్‌జాక్ ఫిలమెంట్ ఒకటి ఉంది. ఎక్కడో ఒక నల్‌సెక్ సిస్టమ్‌లో పడేస్తుంది. దారిలో కాపు కాసేవాళ్ల బెడద ఉండదు. కానీ తిరిగి వచ్చే దారి మీరే చూసుకోవాలి, కాబట్టి మొదటిసారికి వద్దు.

తూర్పుగాలి

నిన్న సాయంత్రం వెళ్లొచ్చాను. హైసెక్‌లో దొరికిన హోల్ సీ2కి తెరుచుకుంది. స్ట్రక్చర్ ఒకటి కనిపించింది, అక్క చెప్పినట్టు అక్కడ ఆగలేదు. అందులోంచి ఇంకో హోల్ నల్‌సెక్‌కి పోయింది. లోకల్‌లో నేనొక్కడినే. రూయిన్డ్ అని మొదలయ్యే సాన్షా సైట్ దొరికింది. కార్గో స్కానర్‌తో చూసి మంచివి మాత్రమే హ్యాక్ చేశాను, ఇంటాక్ట్ ఆర్మర్ ప్లేట్లు వచ్చాయి. ఇంకో క్యాన్ మిగిలి ఉండగా లోకల్‌లో ఒక పేరు వచ్చింది. వెంటనే సేఫ్ స్పాట్‌కి వెళ్లిపోయాను. అతను వెళ్లలేదు. నేను క్యాన్ వదిలేసి హోల్‌కి వెళ్లి బయటపడ్డాను. చేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి!

సరుకు ఇప్పుడు హైసెక్ స్టేషన్‌లో ఉంది. పెద్ద సంత జరిగే జీటాకి తీసుకెళ్లి అమ్మేస్తే అయిపోయినట్టే కదా?

మబ్బులగుట్ట

శభాష్ తమ్ముడూ. ఆ క్యాన్ వదిలేశావు చూడు, దానికి.

రాత్రిబండి

అయిపోలేదు. ఇంకా జీటా దాకా వెళ్లాలి. హైసెక్‌లో కాంకార్డ్ వచ్చేలోపు మిమ్మల్ని పేల్చేసి, తమ షిప్పు పోయినా పర్వాలేదనుకునే గ్యాంకర్లు ఉంటారు. జీటా దారిలో ఉఎడామా లాంటి సిస్టమ్స్ అందుకే పేరుమోశాయి. వాళ్లు కార్గో స్కాన్ చేసి చూస్తారు, సరుకు విలువ షిప్పు విలువ కన్నా బాగా ఎక్కువైతే మీదపడతారు. హెరాన్‌లో ఆర్మర్ ప్లేట్లంటే వాళ్లకి మంచి బేరమే.

ఆటోపైలట్ పెట్టొద్దు. అది గేటుకి దూరంగా దిగి మెల్లగా పాకుతుంది, ఆ పాకే సమయంలోనే కొడతారు. ప్రతి గేటుకీ మీరే వార్ప్ టు జీరో కొట్టి, దిగగానే దాటండి. సరుకు ఎక్కువుంటే రెండు మూడు విడతలుగా తీసుకెళ్లండి. జీటాలో అన్‌డాక్ అయ్యేటప్పుడు కూడా జాగ్రత్త. స్టేషన్‌కి ఎదురుగా నేరుగా దూరంలో ఒక బుక్‌మార్క్ చేసుకుంటే, బయటికి రాగానే తిరగకుండా వార్ప్ అవ్వొచ్చు. అమ్మేటప్పుడు బై ఆర్డర్‌కి వెంటనే ఇచ్చేయకుండా సెల్ ఆర్డర్ ధర కూడా చూడండి, తేడా బాగా ఉంటుంది. అమ్మిన డబ్బులో ముందు ఇంకో రెండు హెరాన్లు ఫిట్ చేసి హ్యాంగర్‌లో పెట్టుకోండి.